అక్షరానికి పడిన ముద్ర: నోయ్‌లాండ్ అక్షరశైలి – దాని వినియోగం

పుస్తకం చేతికి రాగానే మనం మొదట చదివేది దాని పేరు అని అందరూ అనుకుంటారు. కాని పేరు చదవడానికి పూర్వమే, ఆ పేరును మోస్తున్న అక్షరాల తీరు మన కంటికి ఏదో ఒకటి చెప్పివేస్తుంది. పెండ్లి శుభలేఖ మీది సన్నని ఒంపుల అక్షరాలు, ఎన్నికల గోడపత్రిక మీది లావుపాటి అక్షరాలు, న్యాయస్థానపు నోటీసు మీది ముక్తసరి అక్షరాలు – వీటిని దూరం నుంచి చూసినా విషయం ఏ తరహాదో పోల్చుకోగలం. మాటకు కంఠస్వరం ఎటువంటిదో అచ్చుకు అక్షరశైలి అటువంటిది. ఈ సంగతి మాకు తెలియనిది కాదు. అయినా దానిని గురించి మేము ఏనాడూ నిలిచి ఆలోచించలేదు. ఈ సంవత్సరం మన వార్షిక సంచిక అట్ట తయారీ సందర్భంలో ఆలోచించక తప్పలేదు.

అట్ట మీద కళాశాల పేరు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు – ఈ మూడు లిపులలో ఉండడం మొదటి నుంచి వస్తున్న ఆచారం. అచ్చుశాలవారు కంప్యూటరు మీద ఇంగ్లీషు పేరుకు రెండు నమూనాలు కూర్చి తెచ్చారు. మొదటి దానిలో ఇంగ్లీషు అక్షరాలను ఉర్దూ అక్షరాలేమో అని భ్రమపడేటట్లు వంకరలు తిప్పి, అవసరం లేనిచోట కూడా నుక్తాలు పెట్టి ఉన్నాయి. "మైనారిటీ కళాశాల కదా, ఇది నప్పుతుంది" అన్నారు వారు. రెండవ నమూనాలో అక్షరాలు నల్లగా, దిట్టంగా, గొడ్డలితో కొట్టి చెక్కినట్లు కోణాలు తేలి ఉన్నాయి. "ఇదీ గట్టిగానే ఉంటుంది గాని, ఇది అడవి సినిమాల అక్షరం" అన్నారు. వారి మాటలలో చెడు ఉద్దేశం లేశమైనా లేదు. కాని సంపాదక వర్గంలోని ఒక విద్యార్థిని మొదటి నమూనాను చాలాసేపు చూసి, "కళాశాల పేరు చదవకముందే మనం ఎవరిమో అక్షరాలే చెప్పాలా, సార్?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మా వద్ద వెంటనే సమాధానం లేకపోయింది. రెండు నమూనాలనూ ఆ రోజుకు పక్కన పెట్టాము.

తరువాత విచారించగా ఆ "అడవి అక్షరం" పేరు నోయ్‌లాండ్ అని, అది జర్మనీలో పుట్టిందని తెలిసింది. జర్మన్ భాషలో ఆ మాటకు 'కొత్త నేల' అని అర్థం. జర్మనీలోని ఒక పోతశాలలో పుట్టిన అక్షరానికి అడవి వాసన ఎలా అంటింది? ఆ కథలో మా విద్యార్థిని ప్రశ్నకు కూడా కొంత సమాధానం ఉన్నది. అందువల్ల ఆ అక్షరశైలి పుట్టుకను, రూపాన్ని, వినియోగాన్ని, దానికి పడిన ముద్రను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

శీర్షికాక్షరం, పాఠ్యాక్షరం

అచ్చు అక్షరాలు స్థూలంగా రెండు జాతులు. పేజీల కొద్దీ చదవడానికి ఉద్దేశించినవి పాఠ్యాక్షరాలు. ఇవి తమ ఉనికిని చాటుకోకూడదు. చదివే వాని దృష్టి అక్షరం మీద కాక అర్థం మీద నిలవాలి. రెండవ జాతి శీర్షికాక్షరాలు. గోడపత్రిక, పుస్తకపు అట్ట, దుకాణం బోర్డు, పత్రికలోని పతాక శీర్షిక – ఇవి వాటి స్థానాలు. దారిన పోయే మనిషిని ఒక్క క్షణం ఆపడం వాటి పని. నాలుగైదు మాటలు చెప్పి అవి తప్పుకుంటాయి.

ఈ రెండింటి ధర్మాలు వేరు గనుక నిర్మాణం కూడా వేరు. పాఠ్యాక్షరంలో సన్నగీత, లావుగీత మితమైన పాళ్ళలో ఉండాలి. అక్షరాల లోపలి ఖాళీలు విశాలంగా ఉండాలి. ఏ అక్షరమూ పక్క అక్షరాన్ని మించి కనిపించరాదు. శీర్షికాక్షరానికి ఈ కట్టుబాట్లు అంతగా లేవు. అది లావెక్కవచ్చు, కోణాలు దేలవచ్చు, చిన్న బడి అక్షరాలను పూర్తిగా వదలివేసి పెద్ద అక్షరాలతోనే సరిపెట్టుకోవచ్చు. అయితే స్వేచ్ఛ ఎక్కువైన కొద్దీ ముద్ర పడే ప్రమాదం కూడా ఎక్కువ. పాఠ్యాక్షరం అనేక విషయాలను మోస్తుంది కనుక ఏ ఒక్క విషయానికీ కట్టుబడదు. శీర్షికాక్షరం కొన్ని సందర్భాలలోనే మరల మరల కనిపిస్తుంది. కొంతకాలానికి ఆ సందర్భమే దాని అర్థమై కూర్చుంటుంది.

ఓఫెన్‌బాఖ్ పోతశాలలో

నోయ్‌లాండ్ సృష్టికర్త రుడాల్ఫ్ కోఖ్. ఆయన 1876లో న్యూరెంబర్గ్ నగరంలో జన్మించాడు. తండ్రి శిల్పి. కోఖ్ 1906లో, ఫ్రాంక్‌ఫర్ట్ సమీపాన మైన్ నది ఒడ్డున ఉన్న ఓఫెన్‌బాఖ్ పట్టణంలో క్లింగ్‌స్పోర్ సోదరుల అక్షర పోతశాలలో చేరాడు. 1934లో మరణించేవరకు ఆ సంస్థతో ఆయన సంబంధం తెగలేదు. అదే పట్టణంలోని కళాశిక్షణాలయంలో లేఖన కళ బోధించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడుగా పనిచేసి తిరిగివచ్చాడు. చేతిపని మీద, క్రైస్తవ ధర్మం మీద ఆయనకు గాఢమైన నిష్ఠ ఉండేది. శిష్యులతో కలిసి నడిపిన కార్మికశాలలో అక్షరాలు రాయడమే కాక లోహపు పని, నేత, కొయ్య చెక్కడం కూడా సాగేవి.

నోయ్‌లాండ్ వెలువడిన సంవత్సరం 1923. జర్మనీలో ద్రవ్యోల్బణం హద్దు మీరిన సంవత్సరం అది. ఆ నవంబరు నాటికి ఒక్క అమెరికన్ డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. అటువంటి కాలంలో పుట్టిన ఈ అక్షరానికి 'కొత్త నేల' అన్న పేరు పెట్టడం గమనార్హం.

సీసపు అక్షరాల కాలంలో ఒక అక్షరశైలి తయారయ్యే విధానం తెలిస్తే కోఖ్ చేసిన పనిలోని విశేషం బోధపడుతుంది. మామూలుగా చిత్రకారుడు కాగితం మీద అక్షరాలను గీసి ఇచ్చేవాడు. పోతశాలలోని పనివాడు ఉక్కు ముక్క కొనమీద ఆ అక్షరాన్ని అద్దంలో కనిపించినట్లు తిరగేసి చెక్కేవాడు. దీనిని పంచ్ అంటారు. ఆ ఉక్కుకు పదును పెట్టి రాగి మీద సమ్మెటతో మోదితే అక్షరపు పల్లం పడుతుంది. అది మాతృక. ఆ మాతృకలో సీసం, తగరం, ఆంటిమొనీ కలిసిన మిశ్రలోహాన్ని కరిగించి పోస్తే అచ్చు అక్షరం వస్తుంది. గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు. ఇద్దరి మధ్య గీతలోని జీవం కొంత జారిపోవడం సహజం. 1885లో అమెరికాలో లిన్ బాయిడ్ బెంటన్ పంచ్‌లు చెక్కే యంత్రాన్ని రూపొందించిన తరువాత ఒకే బొమ్మ నుంచి అన్ని పరిమాణాల అక్షరాలనూ యంత్రమే చెక్కసాగింది. వేగం పెరిగింది, చేతి జాడ తగ్గింది.

కోఖ్ నోయ్‌లాండ్ కోసం కాగితం మీద నమూనా బొమ్మలు గీయలేదు. ఆకురాయి, ఉలి చేతబట్టి తానే లోహం మీద నేరుగా అక్షరాలను చెక్కాడు. ఒక పరిమాణం ముగిసిన తరువాత దాని నకలుగా కాక, రెండవ పరిమాణాన్ని మరల కొత్తగా చెక్కాడు. అందుచేత ఒక పరిమాణంలోని అక్షరానికీ మరొక పరిమాణంలోని అదే అక్షరానికీ చిన్న చిన్న తేడాలు కనిపిస్తాయి. ఒకచోట గీత కొంచెం బలిసి ఉంటుంది, ఒకచోట కోణం కొంచెం వాలి ఉంటుంది. అవి లోపాలని ఆయన భావించలేదు. ఒకే కుమ్మరి చేసిన రెండు కుండలు అచ్చంగా ఒకే తీరున ఉండనట్లే ఇవీను.

ఈనాడు కంప్యూటర్లలో లభించే నోయ్‌లాండ్ ప్రతులలో ఈ సొగసు చాలావరకు లేదు. అక్కడ ఒకే రూపాన్ని చిన్నదిగాను పెద్దదిగాను సాగదీస్తాము. మనం చూస్తున్నది కోఖ్ అక్షరపు నీడ మాత్రమేనని గుర్తుంచుకోవాలి. అసలు క్లింగ్‌స్పోర్ పోతశాల 1956లో మూతపడింది. ఆ పట్టణంలో 1953లో వెలసిన క్లింగ్‌స్పోర్ వస్తుప్రదర్శనశాల అక్షరకళకు, గ్రంథకళకు నిలయంగా నిలిచింది.

రూపం, ప్రయోజనం

నోయ్‌లాండ్‌లో ఉన్నవి ఇంగ్లీషు బడిలో మనం 'పెద్ద అక్షరాలు' అని నేర్చుకునేవి మాత్రమే. చిన్న అక్షరాలు లేవు. గీతలన్నీ దాదాపు ఒకే లావు. చివరలు తిన్నగా తెగిపోక కొద్దిగా వెడల్పై ఏటవాలుగా ఆగుతాయి. గుండ్రంగా ఉండవలసిన అక్షరాలు కూడా నున్నగా తిరగక, కత్తివేటుకు తేలిన మూలలతో పలుపలకలుగా కనిపిస్తాయి. మధ్యయుగపు జర్మన్ గ్రంథాలలోని నల్లని లిపిని ఎరిగినవారికి, పేజీని నింపే ఆ నలుపు, ఆ బరువు ఇందులోనూ కనిపిస్తాయి. అక్షరాల అంగసౌష్ఠవం రోమన్. ఒంటి బలం మాత్రం పాత జర్మన్ లిపిది. దీనికి అనుబంధంగా, ప్రతి గీత నడిమధ్యలో ఒక తెల్లని చార పారే మరొక రూపం కూడా ఉన్నది. ఆ చార వల్ల అక్షరానికి చెక్కిన పలక వంటి లోతు కలుగుతుంది.

ఇటువంటి దిట్టమైన కోణాక్షరాన్ని వాడదలచినవారు కొన్ని విషయాలు పాటించవలసి ఉంటుంది.

మొదటిది, మాటలు తక్కువగా ఉండాలి. మూడు నాలుగు మాటల వరకు ఈ అక్షరం గంభీరంగా నిలుస్తుంది. నాలుగు పంక్తులు దాటితే నల్లని గోడ అవుతుంది, చదివేవాని కన్ను దానిలో దారి తప్పుతుంది. ఉపన్యాస సారాంశాన్ని, నియమావళిని ఈ అక్షరాలలో కూర్చడం చదువరిని శిక్షించడమే.

రెండవది, పంక్తుల మధ్య ఎడం. చిన్న అక్షరాలలో కొన్నింటికి పైకి కొమ్ములు, కొన్నింటికి కిందికి తోకలు ఉంటాయి. పెద్ద అక్షరాలకు ఇవి దాదాపుగా ఉండవు. అందువల్ల నోయ్‌లాండ్ పంక్తులను దగ్గరగా పేర్చవచ్చు. అప్పుడు రెండు మూడు పంక్తులు కలిసి ఒకే దిమ్మెలాగా, చెక్కిన రాతిపలకలాగా కనిపిస్తాయి. కోఖ్ అక్షరానికి అందం వచ్చేది ఆ అమరికలోనే.

మూడవది, చుట్టూ ఖాళీ వదలాలి. నల్లని అక్షరానికి తెల్లని చోటే ఊపిరి. అట్ట నిండా బొమ్మలు, పూలతీగలు, అంచులు పెట్టి మధ్యలో దీనిని ఇరికిస్తే రెండూ చెడతాయి.

నాలుగవది, దీని పక్కన మరొక ఆర్భాటపు అక్షరం ఉండరాదు. ఒకే వేదిక మీద ఇద్దరు గట్టిగా అరిస్తే ఎవరి మాటా వినిపించదు. శీర్షికకు దీనిని వాడితే, కింది వివరాలకు సాదా పాఠ్యాక్షరం వాడాలి.

ఈ నాలుగూ పాటిస్తే ఆటల పోటీల ప్రకటనకు, నాటక ప్రదర్శన గోడపత్రికకు, ప్రదర్శనశాల ద్వారంపై పేరుకు ఇది ఎంతో అనువైనది. అయితే ఐదవ విషయం ఒకటి ఉన్నది. అది కొలబద్దతో కొలవదగినది కాదు.

ముద్ర ఎలా పడింది

1993లో వచ్చిన 'జురాసిక్ పార్క్' చలనచిత్రం పేరు మన విద్యార్థులలో చాలామందికి పరిచితం. దాని చిహ్నంలో బల్లిజాతి అస్థిపంజరం కింద ఉన్న అక్షరాలు నోయ్‌లాండ్ వంశానివే. జంతు ప్రదర్శనశాలలు, అడవి యాత్రల ప్రకటనలు, ఆఫ్రికా వస్తువుల దుకాణాలు, సాహస కథల అట్టలు – పాశ్చాత్య దేశాలలో ఇటువంటి చోటల్లా ఇదే అక్షరం, లేదా దీని బంధువులు కనిపిస్తాయి. మన అచ్చుశాలవారు "అడవి అక్షరం" అన్నది ఊరికే కాదు.

ఇంతటితో ఆగితే పెద్ద హాని లేకపోయేది. కాని ఆఫ్రికా వారి, అమెరికాలోని నల్లజాతి వారి రచనలకు కూడా ప్రచురణకర్తలు ఈ అక్షరాన్నే తగిలించడం అలవాటైంది. నగరజీవితం గురించి రాసిన నవల అయినా, విద్యావంతుడైన రచయిత ఆత్మకథ అయినా, అట్ట మీద మాత్రం అదే మోటు కోత. 2004లో రాబ్ జంపియెట్రో అనే అమెరికన్ రూపశిల్పి ఈ అలవాటును విమర్శిస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు. నోయ్‌లాండ్‌తోపాటు లిథోస్ అనే మరొక అక్షరశైలిని కూడా ఆయన చర్చించాడు. లిథోస్‌ను 1989లో కరోల్ ట్వాంబ్లీ అనే రూపశిల్పిని, ప్రాచీన గ్రీకు శిలాశాసనాల స్ఫూర్తితో నిర్మించింది. జర్మనీ లోహంలో పుట్టిన అక్షరం ఒకటి, గ్రీసు రాతిని చూసి పుట్టిన అక్షరం ఒకటి. రెండింటికీ ఆఫ్రికాతో చుట్టరికం ఏమీ లేదు. అయినా రెండూ ఆఫ్రికాకు గుర్తులైపోయాయి.

ఇందుకు కారణాన్ని ఆ వ్యాసకర్త అచ్చుపని చరిత్రలో వెదికాడు. పెద్ద గోడపత్రికలకు సీసపు అక్షరాలు బరువు, ఖర్చు. 1828లో న్యూయార్కుకు చెందిన డేరియస్ వెల్స్ కొయ్య అక్షరాల నమూనా గ్రంథాన్ని వెలువరించాడు. అప్పటినుంచి లావుపాటి కొయ్య అక్షరాలు సర్కసు, మందులు, పొగాకు వంటి చౌక ప్రకటనలకు ఆలవాలమైనాయి. తెల్లవారు ముఖానికి మసి పూసుకొని నల్లవారిని వెక్కిరిస్తూ ఆడే మిన్‌స్ట్రెల్ అనే వినోద ప్రదర్శనల గోడపత్రికలూ ఆ కోవలోనివే. తరువాతి కాలంలో నోయ్‌లాండ్ వచ్చినప్పుడు, కొయ్యలో చెక్కినట్లుండే దాని వాలకం చూసి ఆ పాత చౌకదనాన్నే దానికీ ఆపాదించారు. మోటు, ఆదిమం, అన్యదేశీయం – ఈ మూడు భావాలనూ ఒకే మూటగా కట్టి, ఆ మూటను ఒక జాతి ప్రజల నెత్తిన పెట్టారు.

ఇందులో ఎవరూ కూర్చుని కుట్ర చేసినట్లు కనిపించదు. ఒక ప్రచురణకర్త వాడాడు. రెండవవాడు, "ఆఫ్రికా పుస్తకం అంటే అలా ఉండాలి కాబోలు" అనుకున్నాడు. మూడవవాడు, పాఠకులు అలవాటుపడ్డారు గనుక మార్చడం నష్టమని తలచాడు. ఇలా అలవాటు కాస్తా అర్థంగా మారింది. నిజంగా ఆఫ్రికా అక్షరాలు కావలసినవారికి ఆ ఖండంలో లిపుల కొరత లేదు. ఇథియోపియాలో శతాబ్దాల గ్రంథ సంప్రదాయం గల గీజ్ లిపి ఉన్నది. ఉత్తర ఆఫ్రికాలో తిఫినాగ్ ఉన్నది. లైబీరియాలో 19వ శతాబ్దంలో వాయి లిపి పుట్టింది. పశ్చిమ ఆఫ్రికాలో సొలొమానా కాంటే 1949లో న్‌కో లిపిని నిర్మించాడు. వీటిని తెలుసుకోవడం శ్రమ. మోటు అక్షరం తగిలించడం సులభం.

ఇటువంటిదే మరొక ఉదాహరణ. 1883లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ పోతశాల ఒకటి, కుంచె విసురులను అనుకరిస్తూ 'చైనీస్' అనే ఇంగ్లీషు అక్షరశైలిని వెలువరించింది. అనంతర కాలంలో చైనా భోజనశాలల బోర్డులన్నిటికీ అటువంటి అక్షరాలే దిక్కైనాయి. చైనా లేఖన కళకూ దానికీ ఉన్న సంబంధం, పులికీ పులివేషానికీ ఉన్న సంబంధమే.

ఓఫెన్‌బాఖ్‌లోనే మరొక కథ

అక్షరానికి మతాన్ని అంటగట్టడం ఎంతదూరం పోగలదో జర్మనీయే లోకానికి చూపించింది. ఫ్రాక్తూర్ వంటి పాత నల్లని లిపి జర్మన్ జాతీయతకు చిహ్నమని నాజీలు మొదట కీర్తించారు. 1941 జనవరి 3న వారే ఒక ఉత్తర్వు జారీచేసి, ఆ లిపి యూదుల అక్షరాలంటూ దానిని నిషేధించారు. ఆ ఆరోపణకు చరిత్రలో ఆధారం ఏమీ లేదు. ఆ ఉత్తర్వు ముద్రించిన కాగితం తలకట్టు కూడా ఆ నిషిద్ధ లిపిలోనే ఉండడం విచిత్రం. నిన్నటివరకు జాతికి గర్వకారణమైన అక్షరం ఒక్క సంతకంతో పరాయిదైపోయింది. అక్షరం మాత్రం మారలేదు.

కోఖ్ శిష్యులలో బెర్టోల్డ్ వోల్పే అనే యూదు యువకుడు ఉన్నాడు. 1905లో ఓఫెన్‌బాఖ్‌లోనే పుట్టి, లోహపు పని నేర్చి, గురువు వద్ద అక్షరకళ అభ్యసించాడు. కంచు మీద ఆయన చెక్కిన అక్షరాలను చూసి ముచ్చటపడిన మోనోటైప్ సంస్థ సలహాదారు స్టాన్లీ మోరిసన్, 1932లో వాటి ఆధారంగా ఒక అచ్చు అక్షరశైలిని నిర్మించమని కోరాడు. అదే ఆల్బర్టస్. నాజీల పాలనలో వోల్పే బ్రతుకుతెరువు మూసుకుపోగా 1935లో ఇంగ్లండు చేరాడు. యుద్ధకాలంలో, జర్మనీ నుంచి వచ్చినవాడన్న కారణంతో అక్కడివారు ఆయనను కొంతకాలం ఆస్ట్రేలియా శిబిరంలో నిర్బంధించారు. అనగా స్వదేశంలో యూదుడు, పరదేశంలో జర్మన్! తిరిగివచ్చి 1941 నుంచి 1975 వరకు ఫేబర్ ప్రచురణ సంస్థలో పనిచేసి వందలాది పుస్తకాలకు అట్టలు తీర్చాడు. ఆయన ఆల్బర్టస్ అక్షరాలు లండన్ నగర కేంద్రంలో వీధిపేర్ల పలకలకు ఎక్కాయి.

ఆల్బర్టస్‌లో కూడా గురువు నేర్పిన దిట్టతనం, లోహం మీద ఉలి ఆడిన గుర్తు ఉన్నాయి. కాని దానిని అనేక రకాల గ్రంథాలకు, వీధులకు, సంస్థలకు వాడారు గనుక ఏ ఒక్క జాతికో వస్తువుకో అది ముద్రగా మారలేదు. ఒకే కార్మికశాల నుంచి వచ్చిన రెండు అక్షరశైలులు రెండు భిన్నమైన దారులు పట్టాయి. తేడా తెచ్చింది వాడినవారే.

మన లిపులలో

ఇక మన ఇంటి సంగతి. మాకు చూపిన మొదటి నమూనాలో వంకరలు, చుక్కలు ఉంటేనే అక్షరం 'ముస్లిం అక్షరం' అవుతుందన్న నమ్మకం ఉన్నది. కాని చరిత్ర అలా చెప్పదు. ఇస్లాం తొలి శతాబ్దాలలో ఖురాన్ ప్రతులు రాసిన లిపి కూఫీ. ఇరాక్‌లోని కూఫా నగరం పేరు మీద వచ్చిన ఆ లిపి దిట్టంగా, కోణాలతో, సాగిన అడ్డగీతలతో ఉంటుంది. ఇరాన్, మధ్య ఆసియా కట్టడాలలో ఇటుకలతో, రంగుపలకలతో చదరపు గళ్ళలో పేర్చిన కూఫీ అక్షరాలను నేటికీ చూడవచ్చు. ఢిల్లీలో ఇల్తుత్మిష్ సమాధి లోగోడల మీద కూడా కూఫీ చెక్కడాలు ఉన్నాయి. కోణాక్షరం పరాయిది, ఒంపు మాత్రమే మనది అనడానికి వీలు లేదు.

ఉర్దూకు ప్రాణమైన నస్తాలీఖ్ తీరు వేరు. అందులో ప్రతి పదం కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి వాలుతూ దిగుతుంది. అక్షరం తన పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. ఈ కారణం చేతనే సీసపు అక్షరాలకు అది లొంగలేదు. కాతిబులు చేతితో రాసిన ప్రతులనే చాలాకాలం ఉర్దూ పత్రికలు అచ్చువేశాయి. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ వేల కొద్దీ అక్షర సంయోగాలను స్వయంగా రాసి, మోనోటైప్ సంస్థ సహకారంతో 1981లో నూరీ నస్తాలీఖ్‌ను యంత్రానికి ఎక్కించిన తరువాతనే ఆ స్థితి మారసాగింది. ఇంతటి లిపిని అనుకరిస్తూ ఇంగ్లీషు అక్షరాలకు నాలుగు చుక్కలు పెట్టడం ఉర్దూకు గౌరవమా? ఉర్దూ చదవగలిగినవానికి అది అర్థం లేని గీత. చదవలేనివానికి ఉర్దూ అంటే చుక్కలు, మెలికలు మాత్రమేనన్న అపోహ.

తెలుగువారికి కూడా ఈ అనుభవం కొత్తది కాదు. విదేశాలలో భారతీయ భోజనశాలల బోర్డుల మీద ఇంగ్లీషు అక్షరాలకు నాగరి లిపిలో ఉండే తలగీతను తగిలించడం పరిపాటి. తెలుగువారు నడిపే హోటళ్ళు కూడా ఆ వేషం వేస్తుంటాయి. తెలుగు లిపికి తలకట్టు ఉన్నది గాని ఆ తలగీత లేదు! మన లిపి ఏదో మనమే మరచి, ఇతరులు ఊహించిన మన బొమ్మను మనమే తగిలించుకుంటున్నాము.

తెలుగులో దిట్టమైన శీర్షికాక్షరం నిర్మించేవారికి గల ఇబ్బందులు కూడా గమనించదగినవి. నోయ్‌లాండ్ అక్షరాలు ఒకే ఎత్తు పట్టీలో ఇమిడిపోతాయి. తెలుగులో గుడులు, కొమ్ములు, తలకట్లు పైకి పోతాయి; ఒత్తులు కిందికి దిగుతాయి. 'రాష్ట్రం' అన్న ఒక్క మాటలోనే అక్షరం కింద రెండు ఒత్తులు చేరతాయి. కాబట్టి పంక్తులను దిమ్మెలాగా దగ్గరగా పేర్చడం సాధ్యం కాదు. పైగా గీత లావెక్కిన కొద్దీ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. 'ప'కూ 'ష'కూ, 'ద'కూ 'ధ'కూ తేడా తెలిపేది ఒక చిన్న గీత. అది నలుపులో కలిసిపోతే అర్థమే మారిపోతుంది. అందువల్ల తెలుగు శీర్షికాక్షర శిల్పి ఇంగ్లీషు కోణాలను అరువు తెచ్చుకోక, తన లిపి గుండ్రదనంలోనే బలాన్ని వెదకాలి. శీర్షికల కోసమే ఉద్దేశించిన 'రామరాజ' వంటి నేటి తెలుగు ఫాంట్లు ఆ దారిలోనివే.

మేము తీసుకున్న నిర్ణయం

ఇంత విచారణ తరువాత అట్ట సంగతి కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచాము. "ఒక పేరు రాయడానికి ఇంత చర్చ ఎందుకు?" అని మొదట ఒక పెద్దాయన నవ్వారు. రెండు నమూనాలనూ చూపి, విద్యార్థిని అడిగిన ప్రశ్నను చెప్పిన తరువాత ఆయనే, "ఉర్దూ పేరు ఉర్దూలోనే ఉన్నప్పుడు ఇంగ్లీషు అక్షరాలకు మళ్ళీ ఆ వేషం దేనికి?" అన్నారు. నిర్ణయం సులభమైంది. ఉర్దూ పేరును చేయి తిరిగిన కాతిబు చేత నస్తాలీఖ్‌లో రాయించాము. తెలుగు పేరుకు గుండ్రని దిట్టమైన అక్షరం ఎంచాము. ఇంగ్లీషు పేరుకు ఆల్బర్టస్ వాడాము. నస్తాలీఖ్ వాలుకు చోటు కావాలి గనుక పై సగం దానికి వదలి, ఒత్తులకు ఎడం ఉండేటట్లు తెలుగును నడుమ పెట్టి, ఒకే పట్టీలో ఇమిడే ఇంగ్లీషును అడుగున పీటలాగా అమర్చాము. ఏ లిపీ మరొక లిపిగా నటించదు.

నోయ్‌లాండ్‌ను మాత్రం పూర్తిగా తోసిపుచ్చలేదు. తప్పు ఆ అక్షరానిది కాదు గదా! ఈ సంచికలో క్రీడావిభాగం ఇంగ్లీషు శీర్షికను దానితోనే కూర్చాము. రెండే మాటలు, చుట్టూ కావలసినంత తెలుపు. కోఖ్ తన ఆకురాయితో సాధించిన ఆ బరువు, ఆ పటుత్వం అక్కడ చక్కగా అమరాయని మా నమ్మకం. అడవి, మృగాలు గుర్తుకు రాకుండా ఆ పేజీని ఎవరైనా చూడగలిగితే, ఆ అక్షరానికి పడిన ముద్ర ఆ మేరకైనా చెరిగినట్లే.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు దుకాణం బోర్డు రాయిస్తారు, కొందరు పాఠశాల కరపత్రం కూరుస్తారు, మరికొందరు కంప్యూటరు ముందు కూర్చుని పరాయి ఊరివారి పుస్తకానికి అట్ట తయారుచేస్తారు. చేతికందిన వందల అక్షరశైలులలో ఒకదానిని ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవలసిందిగా మా మనవి. ఈ అక్షరం మాటను స్పష్టంగా చదివిస్తుందా? ఆ మాట ఎవరిని గురించినదో వారు ఈ అక్షరాన్ని చూసి తమ పేరు మర్యాదగా రాశారని అనుకుంటారా? మొదటి ప్రశ్నకు సమాధానం కన్ను చెబుతుంది. రెండవ దానికి మాత్రం వారినే అడగాలి. మన సంపాదక వర్గంలో ఆ ప్రశ్న అడిగిన విద్యార్థినికి ఈ వ్యాసం ముఖంగా కృతజ్ఞతలు తెలుపుతున్నాము.